ఆమినక్క మెహందీ మానేసిన శ్రావణం

బాన్సువాడలో గాజులు కొనుక్కోవడం వేరు, ఆమినక్క దగ్గర తొడిగించుకోవడం వేరు. కొనుక్కోవడానికైతే బస్టాండు చుట్టూ బోలెడు ఫ్యాన్సీ స్టోర్లున్నాయి. సైజు చెప్తే డబ్బా చేతిలో పెడతారు, ఇంటికెళ్ళి మన తిప్పలు మనం పడాలి. ఆమినక్క ముందు చెయ్యి అడుగుతుంది. మన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, కణుపులు మెల్లగా నొక్కి, బొటనవేలు లోపలికి మడిచి, అత్తగారి సంగతో పక్కింటి సంగతో ఏదో ఒకటి అడుగుతుంది. మనం జవాబు వెతుక్కునేలోగా గాజు మణికట్టు మీద ఉంటుంది. ఇప్పుడు కాలేజీకి పోతున్న ఆడపిల్లల్లో సగం మందికి మొదటి మట్టిగాజులు తొడిగింది ఆమే.

నాది ఆ పక్క దుకాణం. నీరజ లేడీస్ టైలర్స్ అని బోర్డుంటుంది. మా రెండు దుకాణాల మధ్య ఉన్నది రేకు గోడ, కాబట్టి అటు గుసగుస ఇటు వినపడుతుంది. నా నోరు మంచిది కాదని ఊళ్ళో పేరు. జాకెట్టు భుజాల దగ్గర సరిగ్గా కూర్చుంటుంది కాబట్టి నన్ను భరిస్తారు. ఇన్నేళ్ళు ఆమె పక్కనే బతికాను, ఆమె గురించి చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను. ఎవరికైనా అభ్యంతరముంటే దుకాణానికి వచ్చి మాట్లాడొచ్చు, ఆదివారం కూడా తెరిచే ఉంటుంది.

ఆమినక్క చేతులకు ఏడాది పొడుగునా మెహందీ ఉండేది. పువ్వులూ తీగలూ వేసే రకం కాదు. అరచేతి నిండా, మణికట్టు దాటేదాకా ముద్దగా పట్టించేది. గాజులమ్మ చేయి ఎర్రగా ఉంటే శుభమని ఆడవాళ్ళు మురిసిపోయేవారు. ఆ ఎరుపు కింద ఏముందో ఆమె మొగుడు కరీం భాయికీ నాకూ తెలుసు. అరచేతుల్లో, మణికట్ల మీద, మోచేతుల దగ్గర ఎర్రటి మచ్చలు, వాటి మీద తెల్లటి పొట్టు. చలికాలం వస్తే పగుళ్ళు. దాని పేరు సోరియాసిస్. అంటురోగం కాదు. ముట్టుకుంటే రాదు, పక్కన కూర్చుంటే రాదు, ఒకే గ్లాసులో నీళ్ళు తాగినా రాదు. ఈ మాట నేను ఇంతవరకు ఎందరికి చెప్పానో, చెప్పేవాళ్ళకు వినేవాళ్ళు లోకువంటారు గానీ నా విషయంలో అది తిరగబడింది.

ఆ రోగం ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. ఆయన సైకిల్ మీద గాజుల పెట్టె కట్టుకుని కోటగిరి వైపు ఊళ్ళన్నీ తిరిగేవాడు. ఆయన చేతులు చూసి జనం గజ్జి అన్నారు. పెట్టె అరుగు మీద పెట్టి దూరంగా నిలబడమన్నారు, గాజులు వాళ్ళే ఏరుకుని తొడుక్కునేవారట. తొడిగే పని పోయాక గాజులవాడికి మిగిలేదేముంది? ఆ తండ్రిని చూసి పెరిగిన పిల్ల తనకు మచ్చలు మొదలవగానే మెహందీ నూరుకుంది. ఇందులో నేను తప్పు పట్టడానికేమీ లేదు.

వైద్యాలు చేయించుకోలేదా అంటే, చేయించుకోని వైద్యం లేదు. ఊరి ఆర్‌ఎంపీ ట్యూబులిచ్చాడు. రాస్తే నాలుగు రోజులు తగ్గేది, మానేస్తే రెట్టింపయ్యేది. ఎవరో చెప్తే మద్నూర్ దాటి దెగ్లూర్ దాకా పోయి కషాయం తెచ్చుకుంది. ఎవరో హకీం పొట్లాలు కట్టిచ్చాడు. ప్రతివాడూ పూర్తిగా పోతుందన్నాడు, పైగా పథ్యం సరిగ్గా చెయ్యలేదని చివర్లో ఆమెనే తిట్టాడు.

పోయినేడు వానలు మొదలయ్యే ముందు బస్టాండు వెనక ఫంక్షన్ హాల్లో చర్మరోగాల క్యాంపు పెట్టారు. హైదరాబాద్ నుంచి పరిశోధన చేసే డాక్టర్లు వచ్చారు. రాను రానంటున్న ఆమినక్కను నేనే లాక్కుపోయాను. అక్కడ ప్రియాంక అనే చిన్నవయసు డాక్టరు ఆమె చేతులు పట్టుకుని, మెహందీ కిందకి చూస్తున్నట్టు చాలాసేపు చూసింది. ఇంట్లో ఇంకెవరికుందని అడిగింది. తండ్రికి ఉండేదని, మేనత్తకు ఉండేదని, ఆ మేనత్త కొడుకునే తను చేసుకున్నానని ఆమినక్క చెప్పింది. డాక్టరు కళ్ళు మెరిశాయి. ఒకే కుటుంబంలో కొందరికి ఈ రోగం వస్తుంది, కొందరికి రాదు, అది ఎందుకో రక్తంలో వెతుకుతున్నామంది. కుటుంబమంతా ముందుకొస్తే అందరి రక్తం, ఉమ్మి తీసుకుంటామంది. ఆమినక్క దగ్గర మాత్రం కందిగింజంత చర్మం కూడా తీయాలంది. తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ఉన్న ఇల్లు దొరికితే తమ పనికి అన్నిటికంటే ఎక్కువ ఉపయోగమని కూడా అంది.

నాకేం ఫాయిదా అని ఆమినక్క సూటిగా అడిగింది. డాక్టరు కూడా సూటిగానే చెప్పింది.

"మీకు ఏమీ ఉండదమ్మా. మందు దొరుకుతుందని కూడా మాటివ్వలేను. దొరికినా చాలా ఏళ్ళు పడుతుంది. మీకు ఇష్టం లేకపోతే వద్దనొచ్చు, మధ్యలో కూడా మానుకోవచ్చు."

ఫికర్ లేకుండా ఇంత చప్పగా మాట్లాడే మనిషిని నేను చూడలేదు, ఆమినక్క వద్దంటుందనుకున్నాను. బయటికొచ్చాక ఆమె నవ్వింది.

"గిన్నేండ్లల్ల నాకు అబద్ధం చెప్పని డాక్టర్ గామె ఒక్కతే నీరజా. ఇస్త."

అది పై కారణం. లోపలి కారణం అంజుమ్.

అంజుమ్ ఆమినక్కకు ఒక్కతే బిడ్డ, డిగ్రీ చదువుతోంది. ఆ ముందు చలికాలం నా దగ్గరికి డ్రెస్సుల మూట తెచ్చి, మోచేతి దాకా ఉన్న చేతులన్నీ మణికట్టు దాకా పొడుగు చెయ్యమంది. కొలత తీస్తుంటే మోచేతి వెనక చూశాను. అమ్మీకి చెప్పొద్దక్కా అంది. నేను చెప్పలేదు, చెప్పాల్సిన పనీ రాలేదు. రంజాన్ పండక్కి తల్లి గాజులు తొడుగుతానంటే ఆ పిల్ల చెయ్యి ఇవ్వలేదు, నేనే తొడుక్కుంటానని లోపలికెళ్ళింది. ఊరందరి చేతులూ ఎరిగిన మనిషికి సొంత బిడ్డ చెయ్యి వెనక్కి తీసుకుంటే తెలియదా? మర్నాడు నా దుకాణంలో కూర్చుని, కత్తెరతో గుడ్డపేలికను ముక్కలు ముక్కలు చేస్తూ చెప్పింది.

"నా బిడ్డకు జమీన్ ఇయ్యలే, జాగ ఇయ్యలే. గిదొక్కటి ఇచ్చిన."

నేను ఆమె చేతిలోంచి కత్తెర తీసి పక్కన పెట్టాను.

అంజుమ్ పరిశోధన మాట వినగానే మండిపడింది. నీకిష్టమైతే నువ్వు ఇచ్చుకో, నా పేరు మాత్రం ఎత్తొద్దంది. నాకు ఉందని ఎవరికన్నా తెలిస్తే కాలేజీ మానేసి ఇంట్లో కూర్చుంటానంది. ఆమినక్క బిడ్డ తల మీద చెయ్యి పెట్టి, చెప్పను అని కసం చేసింది. ఇన్నేళ్ళు తాను నడిచిన దారిలోనే బిడ్డ అడుగులు వేస్తోందని, ఇగ జీవితమంతా అలాగే ముడుచుకుని బతుకుతుందని ఆమె భయం. ఆ ఒక్క భయమే ఆమెతో మిగతావన్నీ చేయించింది.

చుట్టాలను ఒప్పించడానికి ఆమె పడ్డ పాట్లు రాస్తే అదే ఒక పుస్తకం. రక్తం తీసుకెళ్ళి అమ్ముకుంటారన్నారు. మన ఇంటి రోగం హైదరాబాద్ దాకా ఎందుకన్నారు. కరీం భాయి మద్నూర్ సంతకు గాజుల బండి తీసుకెళ్ళినప్పుడల్లా అక్కడి బంధువుల ఇళ్ళలో చాయ్ తాగుతూ ఈ మాటే తెచ్చాడు. మొత్తానికి ఆషాఢంలో ఒక రోజు అంజుమ్ తప్ప అందరూ ఫంక్షన్ హాలుకు వచ్చారు.

అక్కడే జరిగింది అసలు తమాషా. హైదరాబాద్ డాక్టరమ్మ ముందుకు మచ్చల చేతులతో ఎట్లా పోతామని ఆడవాళ్ళు ముందు రోజే ఆమినక్క ఇంట్లో దిగి, మెహందీ నూరుకుని ఒకరికొకరు పెట్టుకున్నారు. వాళ్ళందరికీ దగ్గరుండి పెట్టింది ఆమినక్కే. తనకూ పెట్టుకుంది, మామూలుకంటే ఒక పూత ఎక్కువే వేసుకుంది. మంచి బట్టలు, సుర్మా, అత్తరు, దావత్‌కు వచ్చినట్టే వచ్చారు. ప్రియాంక ఫొటోలు తీద్దామని ఒక్కొక్కరి చెయ్యి తిప్పి చూసింది. అందరివీ ఎర్రగా పండి ఉన్నాయి. మచ్చ ఏదో మెహందీ ఏదో దేవుడికే తెలియాలి.

మగవాళ్ళు తక్కువ తిన్నారా? ఉమ్మి ఇవ్వడానికి ముందు కాసేపు నోట్లో ఏమీ వేసుకోవద్దంటే, కరీం భాయి బుద్ధిగా తలూపి, ఊరికే కూర్చోలేక పాన్ వేసుకున్నాడు. గొట్టంలో ఉమ్మి ఎర్రగా పడింది. నోరు కడిగించి మళ్ళీ కూర్చోబెడితే, మళ్ళీ చెయ్యి జేబులోకి పోయింది. చివరికి నేను ఆయన పాన్ డబ్బా లాక్కుని నా సంచిలో వేసుకున్నాను.

రక్తాలు, ఉమ్ములు తీసుకున్నారు. ఆమినక్క చర్మం మాత్రం తీయలేదు. మెహందీ పూర్తిగా పోవాలి, ఆర్‌ఎంపీ ట్యూబులు పూర్తిగా ఆపాలి, నెల రోజులు కొబ్బరినూనె తప్ప ఇంకేదీ రాయకూడదు, అప్పుడే రోగం ఉన్నది ఉన్నట్టు కనపడుతుందని ప్రియాంక చెప్పింది. ట్యూబు ఆపితే ఒక్కసారిగా పెరుగుతుంది, నొప్పి ఉంటుంది, తట్టుకోలేకపోతే ఆ రోజే ఫోన్ చెయ్యండి, మానేద్దామని మరీ మరీ చెప్పింది.

నెల రోజులంటే శ్రావణమాసం. గాజుల దుకాణానికి శ్రావణం ఎంతటిదో తెలియనివాళ్ళకు చెప్పాలి. పూజలు, పేరంటాలు, పెళ్ళిళ్ళు, పచ్చగాజులు. ఏడాదిలో మిగతా నెలలు ఎట్లా గడుస్తాయో ఆ ఒక్క నెల తేలుస్తుంది. కరీం భాయి శ్రావణం దాటాక ఇద్దువులే అని బతిమాలాడు. డాక్టర్లు మళ్ళీ ఎప్పుడొస్తారో తెలియదని ఆమినక్క ఒప్పుకోలేదు. ఆషాఢం చివర్లో ఊళ్ళో ఆడవాళ్ళందరి చేతులూ గోరింటాకుతో ఎర్రబడి ఉంటే, మొదటిసారి ఆమినక్క చేతులు వెలవెలబోయాయి.

మొదటి వారంలోనే మచ్చలు లేచాయి. రెండో వారానికి అరచేతులు ఎండిన మడిలాగా పగిలాయి. గాజు తొడగాలంటే అవతలి చేతిని గట్టిగా నొక్కాలి, నొక్కితే తన చెయ్యి చిట్లుతుంది. రేకు గోడకు ఇవతల నేను ఆమె ఊపిరి బిగబట్టడం వినేదాన్ని. ఫోన్ చేద్దామని నేనంటే, ఇంకా నా వల్ల అయితుందిలే అనేది.

అంతకంటే కష్టమైనది జనం. చెయ్యి చాపబోయి, ఆమె చేతులు చూసి వెనక్కి తీసుకునేవారు. ఆమె దాచుకోలేదు. ప్రతి మనిషికీ ఒకటే చెప్పేది, ఇది అంటుకునే రోగం కాదు, ఇష్టముంటే చెయ్యియ్యి, లేకుంటే గాజులు తీసుకపోయి నువ్వే తొడుక్కో. కొందరు తీసుకుపోయారు. చాలామంది ఎదురుగా ఫ్యాన్సీ స్టోరుకు పోయారు. ఇరవై ఏళ్ళుగా ఆమె చేతులతో గాజులు వేయించుకున్నప్పుడు రాని రోగం ఇప్పుడు ఎక్కడి నుంచి వస్తుందే అని నేను నా గుమ్మంలోంచి అడిగేదాన్ని. అలా అడగబట్టి ఆ నెల నా గిరాకీ కూడా కొంత పోయింది. పోతే పోయింది.

ఒకనాడు మద్నూర్ నుంచి జమునాబాయి అనే బీడీలు చుట్టే ఆవిడ వచ్చింది. ఆమినక్క చేతులు చూసి, తన రెండు చేతులూ ముందుకు పెట్టి, మా ఆయన కాళ్ళకు గిదే ఉంది, ఎవరికీ చెప్పలేదని చిన్నగా అంది. అప్పటి నుంచి గాజులు కొననివాళ్ళు కూడా రావడం మొదలైంది. అటూ ఇటూ చూసి, కొంగు తీసి మోచెయ్యో మెడో చూపించేవారు. ఇంతమంది ఇన్ని రోజులుగా ఈ ఊళ్ళో దాక్కుని ఉన్నారా అనిపించింది. అందరికీ ఆమినక్క డాక్టరు వచ్చే రోజు చెప్పి పంపింది.

అంజుమ్ మాత్రం తల్లి మీద కోపంతో దుకాణం ముఖం చూడటం మానేసింది. కాలేజీ నుంచి స్నేహితురాళ్ళతో వస్తూ మా వరస దుకాణాల ముందు రోడ్డు దాటి అవతలి పక్క నడిచేది. ఆమినక్క చూసేది, చూడనట్టు గాజులు సర్దుకునేది. చెంప మీద ఒక్కటివ్వాలని నాకు చెయ్యి దురద పెట్టేది, కాని ఆ పిల్ల మొహం చూస్తే అది పొగరు కాదని, భయమని తెలిసిపోయేది.

ఇంకొక వారంలో నెల అయిపోతుందనగా వర్ని నుంచి లలితమ్మ వచ్చింది. కాలువ నీళ్ళు వచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు కుటుంబం వాళ్ళది. వాళ్ళింట్లో ఏ శుభకార్యమైనా గాజులు ఆమినక్కే తొడుగుతుంది. కూతురు సహజకు శ్రీమంతం, దానికి పిలవడానికి వచ్చింది. వచ్చి ఆమె చేతులు చూసి కూర్చోబోయినావిడ నిలబడిపోయింది. మంచి మనిషే, కాదనను. గొంతు తగ్గించి అడిగింది.

"ఆ ఒక్క పూటకీ గోరింటాకు పెట్టుకుని వచ్చెయ్యండి ఆమినమ్మా. వచ్చేవాళ్ళందరూ ఒకేలా ఉండరు కదా."

పెట్టుకుంటే నెల కష్టం నీళ్ళపాలవుతుందని ఆమినక్క నిదానంగా చెప్పింది. వేరే మనిషిని పంపమన్నా పంపుతానంది. "కని దాసుకోని మాత్రం రాను లలితమ్మా" అంది. లలితమ్మ ఏ సంగతీ చెప్పకుండానే వెళ్ళిపోయింది. సాయంత్రానికి సహజే ఫోన్ చేసింది. నా పెళ్ళిగాజులు తొడిగింది మీరే, ఇప్పుడూ మీరే రావాలంది.

శ్రీమంతం రోజు కరీం భాయి కోటగిరికి పోయాడు. పగిలిన చేతులతో ఆమినక్క గాజుల పెట్టె ఎత్తలేదు కాబట్టి అంజుమ్ మొహం ముడుచుకుని వెంట వచ్చింది. సహజ జాకెట్టు నేనే కుట్టాను, నాకూ పిలుపుంది. ముగ్గురం ఒకే ఆటోలో వెళ్ళాం.

హాలు నిండా ఆడవాళ్ళు. ఆమినక్క సహజ ఎదురుగా కూర్చుని ముందుగా రెండు అరచేతులూ తెరిచి అందరికీ కనపడేలా పెట్టింది. ఇది సోరియాసిస్, ఎవరికీ అంటదు, డాక్టర్లు చూడాలని మందు ఆపిన, నొప్పి నాకే గాని మీకు కాదు అంది. సహజ చెయ్యి ముందుకు పెట్టింది. ఆమినక్క ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, లోపల బిడ్డ తంతుందా అని అడుగుతూ ఒక్కో గాజూ ఎక్కించింది. మధ్యలో ఆమె వేలి దగ్గర పగులు విచ్చుకుని నెత్తుటి చుక్క వచ్చింది. ఆ గాజు పక్కన పెట్టి, వేలికి గుడ్డ కట్టుకుని, వేరే గాజు తీసుకుంది.

లలితమ్మ తోడికోడలు ఒకావిడ కుర్చీ వెనక్కి జరుపుకుని, కడుపుతో ఉన్న పిల్లకు ఇదేం శకునమని పక్కావిడతో అందరికీ వినపడేలా అంది. తొడిగించుకుంటున్న పిల్లే నవ్వుతూ ఉంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా అన్నాను. ఆవిడ లేచి భోజనాల వైపు వెళ్ళిపోయింది. తర్వాత కొందరు చేతులిచ్చారు. కొందరు తర్వాత వేయించుకుంటామన్నారు. లలితమ్మ తన గాజులు తీసుకుని తనే తొడుక్కుంది, కాని ఆమినక్కకు విస్తరి తన పక్కనే వేసింది. మనుషులు ఒక్క పూటలో మారిపోతారని నేను అబద్ధం రాయను.

తిరిగి వచ్చేటప్పుడూ ముగ్గురం ఒకే ఆటో ఎక్కాం. కాలువ దాటాక అంజుమ్ అడిగింది.

"నీకు సిగ్గనిపియ్యలేదా అమ్మీ?"

"ఎందుకనిపియ్యలే? మస్తనిపించింది."

"మరి?"

"దాసుకున్నన్ని దినాలు గూడ గంతే సిగ్గనిపించింది బిడ్డా. ఇప్పుడు దాసే పనన్న తప్పింది."

ఆ పిల్ల గాజుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని బయటి వరిమళ్ళ వైపు చూస్తూ కూర్చుంది.

నెల ముగిశాక ప్రియాంక మళ్ళీ వచ్చింది. ఈసారి ఫంక్షన్ హాల్లో పెద్ద వరస ఉంది. జమునాబాయి మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. కొంగుల కింద చూపించి వెళ్ళినవాళ్ళలో చాలామంది ఉన్నారు, తెలిసిన మొహాలే, మా వీధివాళ్ళు కూడా ఉన్నారు. ఊరికే చూద్దామని వచ్చినవాళ్ళు గోడవారగా నిలబడ్డారు. చేతికి కుట్టు పడితే ఇంటికి తీసుకెళ్ళడానికి మనిషి కావాలి కాబట్టి అంజుమ్‌ను నేనే రమ్మన్నాను. నేను తలుపు దగ్గర నిలబడతాను, లోపలికి రానంది. సరే అన్నాను.

ప్రియాంక ఆమినక్క చేతులు చూసి, ఇంత పెరిగితే నాకు ఫోన్ ఎందుకు చెయ్యలేదమ్మా అని కోప్పడింది. ఫొటోలు తీసింది. మణికట్టు దగ్గర మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి, సన్నటి గొట్టంలాంటి దానితో కందిగింజంత చర్మం తీసి సీసాలో వేసింది. ఒక కుట్టు వేసి కట్టు కట్టింది. ఆమినక్క ఆ సీసాను ఎత్తి వెలుతురులో చూసి, గింత దానికా గిన్ని తిప్పలు అని నవ్వింది. అవతలి వరసలో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు, వాళ్ళ భయం కొంచెం తగ్గింది.

అప్పుడు ప్రియాంక కాగితం తీసి మామూలు ప్రశ్నలు మొదలుపెట్టింది. తండ్రి, మేనత్త, భర్త. పిల్లలెందరు? ఒక్క బిడ్డ. ఆమెకు మచ్చలేమైనా ఉన్నాయా?

హాలంతా వింటోంది. ఆమినక్క నా వైపు చూసింది. తల్లీ బిడ్డా దొరికితే తమ పనికి అన్నిటికంటే ఎక్కువ ఉపయోగమని డాక్టరు అన్న మాట ఆమెకూ గుర్తుంది, నాకూ గుర్తుంది. శ్రావణం గిరాకీ వదులుకుంది, చేతులు పగలగొట్టుకుంది, ఊరంతా చూస్తుండగా అరచేతులు తెరిచి పెట్టింది. అంత చేసిన మనిషి ఇక్కడ తల దించుకుంది.

"లేవు మేడం" అంది.

బిడ్డకిచ్చిన మాట కోసం ఆమె తన నెల కష్టాన్ని తన చేతులతోనే తక్కువ చేసుకుంది. నాకు కోపమొచ్చింది, అంతకంటే ఎక్కువగా ఆమె మీద ప్రేమ పొంగుకొచ్చింది. ప్రియాంక తలూపి రాసుకోవడానికి వంగింది.

"ఉన్నయి మేడం."

తలుపు దగ్గరి నుంచి అంజుమ్ వస్తోంది. వరసలోవాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆ పిల్ల నడక ఎక్కడా ఆగలేదు.

"అమ్మీ నాకు కసం చేసింది, అందుకే చెప్తలేదు. నాకున్నయి. రాస్కోండ్రి."

ట్యూబు ఆపినప్పుడు ఆమినక్క ఏడవలేదు, జనం చేతులు వెనక్కి తీసుకున్నప్పుడు ఏడవలేదు, ఇంజెక్షన్ సూదికి కూడా ఏడవలేదు. ఇప్పుడు కట్టు కట్టిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ప్రియాంక పక్క కుర్చీ లాగి ఆమె పక్కనే వేసింది. అంజుమ్ కూర్చుంది. పేరేమిటని డాక్టరు అడిగింది.

అంజుమ్ చివరి వరసలో నిలబడ్డవాళ్ళకు కూడా వినపడేలా చెప్పింది.

"అంజుమ్. గాజుల ఆమినా బిడ్డను."